బొమ్మ చెక్కకముందే డబ్బు: కళాకారుడి మదుపు లెక్కలు

తెలంగాణలోని చేర్యాలలో నకాశీ అనే చిత్రకారులు గుడ్డ మీద గీసే కథల పటాలకు ఒకప్పుడు అంగడి అవసరమే ఉండేది కాదు. పటం గీయించుకునేది కథ చెప్పి బతికేవాళ్లు. ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవాళ్లు, పద్మశాలీలకు చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకు చెప్పే డక్కలివాళ్లు తమ కులపురాణం గీయమని నకాశీ ఇంటికి వచ్చి మాట్లాడుకునేవారు. పటం చేతికొచ్చాక తమకు హక్కున్న ఊళ్లు తిరుగుతూ, రాత్రిళ్లు కథ చెప్పి, ఆ కులం ఇళ్ల నుంచి రావాల్సిన ధాన్యమో డబ్బో తీసుకునేవారు. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి గీసిన ఆ పటం వాళ్లకు రైతుకు నాగలి లాంటిది. ఏళ్ల తరబడి దానిమీద సంపాదన ఉంటుంది కాబట్టే ముందుగా డబ్బు పెట్టగలిగారు. కుంచె ముంచేనాటికే నకాశీకి కొనేవాడెవరో తెలుసు, కథ తెలుసు, కొలత తెలుసు.

ఊళ్లలో పటం కథలు వినేవాళ్లు తగ్గాక చేర్యాల కళాకారులు చిన్న ఫ్రేములకు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే మాస్కులకు, తాళంచెవుల గుత్తులకు మళ్లారు. కళ నిలబడింది. కానీ ఆ మార్పులోనే మదుపు భారం కథకుడి నెత్తిమీంచి కళాకారుడి నెత్తిమీదికి వచ్చింది. ఇప్పుడు గుడ్డ, రంగు, నెలల కూలి ముందు తను పెట్టాలి, సరుకు చేసి గోడకు ఆనించాలి, ఎవరో వచ్చి కొనాలి. కొయ్యబొమ్మల కొండపల్లిలో, లక్కబొమ్మల ఏటికొప్పాకలో, తోలుబొమ్మల నిమ్మలకుంటలో, నగరంలో ఒంటరిగా బొమ్మలేసుకునే చిత్రకారుడి గదిలో ఉన్న ఇబ్బంది ఇదే. అమ్మకాలు లేక మూతపడ్డ కార్ఖానా కన్నా, అమ్మకాలున్నా డబ్బు ఆలస్యంగా వచ్చి మూతపడ్డ కార్ఖానాను చూస్తే ఎక్కువ బాధేస్తుంది, ఎందుకంటే అది ఆపగలిగిన నష్టం. బొమ్మలో చూపే ఊహను డబ్బు వచ్చే వేళను ముందుకు జరపడంలో కూడా చూపాలి. అలా ముందుకు జరపగల దారులేమిటో, ఎక్కడ కాలు జారుతుందో ఈ వ్యాసంలో చూద్దాం.

పది అవతారాలు, పది నెలలు

కొండపల్లి బొమ్మకు పెద్ద గిరాకీ బొమ్మల కొలువుకే. ఆంధ్ర ఇళ్లలో కొలువు ఎక్కువగా సంక్రాంతికి, కొన్ని ఇళ్లలో దసరాకు పెడతారు. అంటే ఏడాది రాబడిలో పెద్ద వాటా కొన్ని వారాల్లోనే వస్తుంది, ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. తెల్ల పొణికి కర్ర దొరికినప్పుడు కొనాలి, ఆరబెట్టాలి. ఆ మధ్యకాలంలో డబ్బు ఇచ్చేది షావుకారు. అతడు ధర కూడా అప్పుడే కోసేస్తాడు.

కొండపల్లిలో ఎప్పటినుంచో చేస్తున్న దశావతారాల సెట్టును ఈ కోణంలో చూస్తే దారి కనిపిస్తుంది. అవతారాలు పది. మార్చి నుంచి డిసెంబరు దాకా నెలలు పది. నెలకొక అవతారం చొప్పున చందాదారుడి ఇంటికి పంపితే, కల్కి చేరేసరికి జనవరిలో కొలువు మెట్లు సర్దుకునే వేళవుతుంది. కొనేవాళ్లకు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చే బరువు ఉండదు, పిల్లలకు ప్రతి నెలా ఒక కథ. చేసేవాళ్లకు నెలనెలా డబ్బు.

లెక్క ఎలా వేయాలో చూడటానికి కొన్ని అంకెలు అనుకుందాం. అయిదంగుళాల బొమ్మ. కర్ర, మక్కు (చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద), రంగు కలిపి 60 రూపాయలు. విడతగా చేస్తే ఒక్కో బొమ్మకు సగం రోజు పని, రోజు కూలి 600 చొప్పున 300. పెట్టె, పొట్టు కాగితం 40. తపాలా లేదా కొరియర్ 70. విరిగినవాటికి బదులు పంపేందుకు 25. మొత్తం 495. అమ్మే ధర 650 పెడితే బొమ్మకు 155 మిగులు. 40 మంది చందాదారులుంటే నెలకు 26,000 వస్తుంది. అందులో 12,000 ఇంటివాళ్ల కూలి, 6,200 మిగులు. పని 20 రోజులు, ఇద్దరు పంచుకుంటే చెరో పది రోజులు, మిగతా రోజులు వేరే ఆర్డర్లకు. ఈ లెక్కలో తన కూలి రాసుకోని కళాకారుడే ఎక్కువ కనిపిస్తాడు. కూలి లేకుండా వేసిన ధరలో బొమ్మకు 455 మిగిలినట్టు కనబడుతుంది, అందులో 300 నిజానికి అతడి చెమట. అలాంటి ధర మీద ఒక మనిషిని పనికి పెట్టుకున్న రోజే నష్టం మొదలవుతుంది.

ఇలాంటి పథకం ఎక్కడ చెడుతుందంటే, మొదటిది వాన. జూలై నుంచి సెప్టెంబరు దాకా కర్రా మక్కూ సరిగా ఆరవు. ఆరని కర్ర మీద సుద్ద పూసి రంగేస్తే నెల తిరక్కముందే పొర లేస్తుంది, అతుకు దగ్గర పగులు వస్తుంది. అందుకని వామనుడు, పరశురాముడు, రాముడు, అంటే ఆ మూడు నెలల బొమ్మలకు చెక్కడం ఏప్రిల్, మే ఎండల్లోనే అయిపోవాలి. వానాకాలంలో మిగిలేది రంగుపని మాత్రమే. మొదటి రెండు నెలల చందాలో కొంత ఈ ముందు పనికి పక్కన పెట్టాలి.

రెండోది కల్కి. మిగతావాళ్లు నిలబడి ఉంటారు, కల్కికి గుర్రం ఉంటుంది. పని దాదాపు రెట్టింపు, వచ్చేదేమో డిసెంబరులో, సంక్రాంతి ఆర్డర్లు మీదపడే నెల. పది బొమ్మల సగటు మీద ధర పెట్టాలి, గుర్రాలు మేలోనే చెక్కి ఉంచాలి. ఇది ముందు చూసుకోకపోతే తొమ్మిది నెలలు నమ్మకంగా నడిచిన పథకం పదో నెలలో మాట తప్పుతుంది. చందాదారుడికి ఆ పదోదే గుర్తుంటుంది.

మూడోది రంగు. మార్చిలో వేసిన నీలం, అక్టోబరులో వేసిన నీలం పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. సెట్టుకు వాడే ముఖ్యమైన రంగుల పాళ్లు గ్రాముల్లో రాసుకోవాలి, ఎనామెల్ అయితే సరిపడా ఒకేసారి కలిపి మూత బిగించి ఉంచాలి. పీఠం ఎత్తుకూ, కళ్ల మధ్య దూరానికీ ఒక నమూనా బొమ్మను అమ్మకుండా దాచుకోవాలి. పదో నెలలో చెక్కే చేయి దాన్ని చూసే చెక్కాలి. బలరాముణ్ణి ఎనిమిదోవాడిగా కొందరు లెక్కిస్తారు, కొందరు బుద్ధుణ్ణి తొమ్మిదోవాడిగా కోరతారు. చందా కట్టించుకునే రోజే అడిగి రాసుకుంటే నవంబరులో గొడవ ఉండదు.

డబ్బు కట్టాల్సింది నెల 5లోపు, విడత మొదలయ్యేది 6న, కట్టినవాళ్ల లెక్కకు మూడు బొమ్మలు మాత్రమే ఎక్కువ. అప్పుడు నరసింహుడి తర్వాత పదిమంది మానేసినా చేతిలో సరుకు మిగలదు, కట్టినవాడికి బొమ్మ బాకీ ఉండదు. దీన్ని చీటీ అనే పేరుతో నడపకూడదు. చీటీలకు 1982 నాటి చట్టం వేరే ఉంది. 2019 నాటి అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టం సరుకు కోసం తీసుకున్న నిజమైన అడ్వాన్సును డిపాజిట్‌గా చూడదు, కానీ వాపసు ఇవ్వాల్సిన డబ్బు గడువు దాటి 15 రోజులైనా ఇవ్వకపోతే చూస్తుంది. కాబట్టి రసీదులో బొమ్మ పేరు, పంపే నెల, ఆలస్యమైతే ఏ తేదీకి వాపసో రాయాలి. బంగారం కొట్ల మాదిరిగా చివరి నెల డబ్బు మేమే వేస్తామనడం మానుకోవాలి. బహుమానం ఇవ్వాలనుకుంటే చివర్లో ఒక చెక్క పీఠం ఇవ్వవచ్చు.

ఆర్డరు మీద బొమ్మ

చిత్రకారుడికి పని ఇలా విడతలుగా ఉండదు. ఒక పెళ్లి చిత్రం, ఒక గోడ, ఒక దేవుడి పటం. ఇక్కడ డబ్బును మూడు ముక్కలు చేయడం మంచి పద్ధతి: ఒప్పుకున్న రోజు సగం, రంగు మొదలయ్యేముందు 30 శాతం, ఫొటో చూపించాక, పంపేముందు 20 శాతం. ఆ సగంలో సామగ్రి మొత్తం, కొంత కూలి రావాలి. రాకపోతే ధరే తక్కువని అర్థం. దీనికంటే ముందు రేఖాచిత్రానికి విడిగా చిన్న రుసుం ఉండాలి, పని ముందుకు సాగితే మొత్తంలో కలుపుకోవచ్చు. ఉచితంగా మూడు రేఖాచిత్రాలు వేయించుకుని, వాటిని ఇంకొకరి చేత చవకగా రంగు వేయించుకునేవాళ్లున్నారు.

మార్పులు రెండుసార్లే అని, అదీ రేఖల దశలోనే అని రాతలో ఉండాలి. 'ముఖం కొంచెం మా నాన్నగారిలా లేదు' అనే మాట రంగయ్యాక వస్తే ఎంత మంచివాళ్లకైనా మనసు విరుగుతుంది. రేఖల దగ్గర వస్తే పావుగంట పని.

కాపీరైటు విషయంలో ఒక్క సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి గీయించుకున్న మనిషి రూపచిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే గీయించుకున్నవాడే తొలి యజమాని. గీసినవాడికి దాన్ని ప్రింట్లు వేసుకునే హక్కు మిగలాలంటే ఆ ఒక్క వాక్యం ముందే రాయించుకోవాలి. వాట్సాప్‌లో 'సరే' అన్నది ఆధారంగా పనికిరావచ్చు, కానీ సంతకం ఉన్న ఒక పేజీ ఎప్పుడూ మేలు.

ఒక్క చిత్రానికి నూరు గుమ్మాలు

అసలు చిత్రాన్ని కొనలేనివాళ్లకు ప్రింటు అమ్మడం రాజా రవివర్మ కాలం నుంచీ ఉంది. 1894లో బొంబాయిలో ఆయన పెట్టించిన ప్రెస్ దేవుళ్లను ఇంటింటి గోడకూ చేర్చింది. కానీ ఆ ప్రెస్సే ఆయన్ని అప్పుల్లోకి లాగింది. కొన్నేళ్లకే దాన్ని అక్కడ పనిచేసిన జర్మన్ సాంకేతికుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్ముకోవాల్సి వచ్చింది. చిత్రాలకు ఆదరణ తక్కువై కాదు. యంత్రం, రాయి, జీతాలు అనే రోజువారీ ఖర్చు ఒక చిత్రకారుడి భుజాలు మోయలేనిది. ఇవాళ ప్రింటరు కొని ఇంట్లో పెట్టుకోవాలనుకునే చిత్రకారులకు ఇది దగ్గరి పాఠం. ఇంకు ఎండిపోకుండా వాడాలంటే తరచూ ప్రింట్లు ఉండాలి. నెలకు 30 ప్రింట్ల లోపు అమ్మేవాళ్లు మంచి ల్యాబులో వేయించుకోవడమే తెలివి.

ప్రింటు బాగుండాలంటే ఫొటో బాగుండాలి. చిత్రం గోడకు నిటారుగా, కెమెరా సరిగ్గా దాని మధ్యకు ఎదురుగా, రెండు దీపాలు ఇరువైపులా 45 డిగ్రీల కోణంలో ఉంచాలి. ఒకే దీపంతో తీస్తే ఒక పక్క చీకటి, నూనె రంగు మీద మెరుపు మచ్చలు వస్తాయి. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600, 5,400 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపిన బొమ్మ ఆ లెక్కకు రాదు, ఫైలుగా పంపాలి. చేర్యాల ఎరుపు తెరమీద ఒకలా, కాగితం మీద ఇంకోలా వస్తుంది. ముందు చేతి వెడల్పు ముక్క నమూనా తీయించి, అసలు చిత్రం పక్కన పగటి వెలుగులో పెట్టి చూశాకే మిగతావి వేయించాలి.

50 ప్రతులు మాత్రమే అని చెప్పి అమ్మితే, మొదటి పదింటికి 1,500, తర్వాతి ఇరవైకి 2,000, చివరి ఇరవైకి 2,800 అని మెట్లుగా ధర పెట్టవచ్చు. మొదట కొన్నవాళ్లకు లాభం కలిగింది కనుక వాళ్లే నలుగురికి చెబుతారు. మొత్తం 1,11,000. కానీ యాభై అయిపోయాక గిరాకీ ఉందని ఇంకో యాభై వేస్తే అది మాట తప్పడమే. పరిమాణం మార్చి వేస్తామంటే అది కూడా మొదటి రోజే ప్రకటించి ఉండాలి. ప్రతి ప్రింటు మీద పెన్సిలుతో సంఖ్య, సంతకం, కొన్నవాళ్ల పేరుతో ఒక పట్టిక ఉండాలి.

చీరల మీద, కప్పుల మీద వేయడానికే గీసిన డిజైను సంగతి వేరు. డిజైన్ల చట్టం కింద నమోదుకు అర్హమైన డిజైను నమోదు చేయకుండా 50 కన్నా ఎక్కువ వస్తువుల మీద యంత్రంతో వేస్తే దానిమీద కాపీరైటు పోతుందని కాపీరైటు చట్టం 15వ సెక్షను చెబుతుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు కావాలంటే ఆ డిజైను అంతకుముందు ఎక్కడా బయటపడి ఉండకూడదు. ప్రచారం కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో ముందే పెట్టేస్తే ఆ కొత్తదనం పోయినట్టే. ఈ రెండు చట్టాల మధ్య ఇరుక్కుని, ఊరంతా కాపీ కొడుతున్నా ఏం చేయలేని కళాకారుల మీద ఎంత జాలి పడినా తక్కువే. చీరకు ఇచ్చే డిజైను అయితే దరఖాస్తు ముందు, పోస్టు తర్వాత.

ఇంకొకరికి బొమ్మ వాడుకునే హక్కు ఇచ్చేటప్పుడు ఏ వస్తువు మీద, ఏ దేశంలో, ఎన్నేళ్లు, ఎంత శాతం అనే నాలుగూ రాతలో ఉండాలి. రాయని చోట చట్టమే నింపుతుంది: కాలం చెప్పకపోతే అయిదేళ్లు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం మొత్తం. అమ్మకాల మీద శాతం మాత్రమే ఒప్పుకుంటే కంపెనీ ఆ సరుకు అల్మరాలో పెట్టి మరిచిపోవచ్చు. అందుకని ముందుగా కనీసం ఇంత అని ఒక మొత్తం తీసుకోవాలి.

అప్పు ఎప్పుడు, ఎందుకు

చందాలు, అడ్వాన్సులు సరిపోనిచోట అప్పు తప్పదు. అమ్ముడుపోని సరుకు చేయడానికి అప్పు తేవడం ప్రమాదం. పనిదినాలు తగ్గించే పరికరానికి తేవడం సబబు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిప్పే మోటారు లేతు, కర్ర ఆరబెట్టే గది ఆ కోవలోవి.

చేతివృత్తివాళ్ల కోసం కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో అప్పు తొలి విడత లక్ష రూపాయలు, 18 నెలల్లో తీర్చాలి. రెండో విడత 2 లక్షలు, 30 నెలలు. వడ్డీ 5 శాతం, పూచీకత్తు అక్కర్లేదు, పనిముట్లకు 15,000 దాకా ఈ-వోచరు ఉంది. లక్షకు నెల వాయిదా సుమారు 5,780 అవుతుంది. పైన లెక్కవేసిన దశావతారాల చందా మిగులు 6,200, అంటే 40 మంది చందాదారులు నిలకడగా ఉంటే చందా నడిచే పది నెలలూ వాయిదా కూలి ముట్టకుండానే తీరుతుంది. 30 మందికి పడిపోతే మిగులు 4,650 మాత్రమే, కూలిలోంచి 1,130 తీయాలి. ఈ లెక్క బ్యాంకుకు వెళ్లేముందు వేసుకోవాలి.

ఈ పథకంలో 18 వృత్తులే ఉన్నాయి. బొమ్మలు చేసేవాళ్లు, కుమ్మరులు, శిల్పులు ఉన్నారు, పటచిత్రకారులు, కలంకారీ గీసేవాళ్లు అందులో లేరు. వాళ్లకు చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర పథకం ముద్రా కింద 50,000 దాకా ఇచ్చే శిశు రుణం ఒక దారి. ఒక మెలిక చాలామందిని దెబ్బతీస్తుంది. ముద్రా అప్పు ఇంకా నడుస్తుంటే విశ్వకర్మకు అర్హత ఉండదు, పూర్తిగా తీర్చాలి. పైగా కుటుంబానికి ఒక్కరికే. కాబట్టి బొమ్మల పనివాళ్లు ముందు విశ్వకర్మకు, తర్వాత ముద్రాకు వెళ్లాలి. తొందరలో చిన్న ముద్రా తీసుకుంటే 5 శాతం వడ్డీ చేజారుతుంది.

కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది హస్తకళల అభివృద్ధి కమిషనర్ చేతివృత్తివాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు, పెహచాన్. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తివాళ్లు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న వస్తువును దాని నమోదిత వాడుకదారులు అమ్మినప్పుడు మినహాయింపు ఉంది. కొండపల్లికి, ఏటికొప్పాకకు ఆ గుర్తింపు ఉంది. అయితే ఊరికి గుర్తింపు ఉన్నంత మాత్రాన చాలదు, పనివాడు తన పేరును అధీకృత వాడుకదారుగా విడిగా నమోదు చేయించుకోవాలి. పెద్ద కొట్టు ఆర్డరు ఇచ్చే ముందు అడిగే మొదటి కాగితాలు ఇవే.

చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ నమోదు ఉచితం, ఆధార్, పాన్‌తో అయిపోతుంది. దాని ఉపయోగం కంపెనీల దీపావళి కానుకల ఆర్డర్లప్పుడు తెలుస్తుంది. చిన్న, సూక్ష్మ సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చిన్న సంస్థల (ఎంఎస్ఎంఈడీ) చట్టం అంటుంది, ఆలస్యానికి బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆ గడువు దాటిన బకాయిని కొనుగోలుదారు కంపెనీ, చెల్లించేదాకా, ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేదు. బిల్లు మీద ఉద్యమ్ సంఖ్య అచ్చు వేస్తే కంపెనీ అకౌంట్స్ విభాగం ఆ బిల్లును పైకి తీస్తుంది. సంఖ్య సరుకు పంపాక కాకుండా ముందే ఉండాలి. దీపావళికి కావాలంటే నమూనాలు జూన్‌లో చేతిలో ఉండాలి, నమూనాకు డబ్బు తీసుకోవాలి, 500 బొమ్మల ఆర్డరు వచ్చినప్పుడు రోజుకెన్ని చేయగలరో నిజం చెప్పాలి. ఒప్పుకుని సగం పక్క ఊరి యంత్రపు సరుకు కలిపితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

జీఎస్టీలో సరుకు అమ్మేవాళ్లకు నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఆ లోపు ఉండి నమోదు లేనివాళ్లు 2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మవచ్చు, కానీ సొంత రాష్ట్రంలోపలే. విజయవాడ నుంచి హైదరాబాదుకు ఆన్‌లైన్ అంగడి ద్వారా అమ్మాలంటే నమోదు కావాల్సిందే. సొంతంగా ఫోన్లో ఆర్డరు తీసుకుని వేరే రాష్ట్రానికి పంపే హస్తకళా వస్తువులకు మాత్రం 20 లక్షల దాకా వెసులుబాటు ఉంది, పాన్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి.

ప్రచారం, అంటే పని చూపించడం

ప్రకటనలకు డబ్బు పెట్టలేనివాళ్ల దగ్గర ప్రకటనకన్నా బలమైనది ఒకటుంది, పని జరిగే తీరు. ఏటికొప్పాక లేతు మీద తిరుగుతున్న అంకుడు ముక్కకు లక్క కడ్డీని ఆనించగానే, రాపిడి వేడికి లక్క కరిగి పసుపు రంగు పొరగా చుట్టుకునే ఆ రెండు క్షణాలు చూస్తే ఎవరి వేళ్లయినా తెర మీద ఆగిపోతాయి. వీడియో అక్కడే మొదలవ్వాలి. ఊరి పేరు, నమస్కారం, కళ చరిత్ర ముందు పెడితే చూసేవాడు వెళ్లిపోతాడు. 30, 40 సెకన్లు చాలు. ఆ శబ్దాన్నే ఉంచాలి, సినిమా పాట వద్దు. చివర్లో ధర, ఎన్ని ఉన్నాయి, ఎప్పటికి వస్తుంది. ధర రాయకుండా 'ఇన్‌బాక్స్ చేయండి' అని రాస్తే అడగడానికి మొహమాటపడే మంచి కొనుగోలుదారులు పోతారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్టు జాబితాలో 256 మందికే చోటు, అదీ మీ నంబరు తమ ఫోన్లో దాచుకున్నవాళ్లకే చేరుతుంది. బొమ్మతో పాటు పంపే చీటీలో 'ఈ నంబరు దాచుకోండి, వచ్చే విడత ముందు మీకే తెలుస్తుంది' అన్న ఒక్క వాక్యం ఎన్నో వందల పోస్టులతో సమానం. అదే చీటీలో కర్ర పేరు, ఎన్ని రోజుల పని, ఎవరు చెక్కారు, ఎవరు రంగేశారు అని తెలుగులో, ఇంగ్లీషులో రాయాలి. రంగేసింది ఇంటి ఆడవాళ్లయితే వాళ్ల పేరే రాయాలి. చాలా కార్ఖానాల్లో ఆ పేరు ఎక్కడా కనబడకపోవడం అన్యాయం.

విదేశాల్లోని తెలుగువాళ్లు కొలువుకు బొమ్మలు తెప్పించుకోవడానికి ఇష్టపడతారు. ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి, దిగుమతుల కోడ్) సంఖ్య కావాలి, తపాలాశాఖ డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాలు చిన్న పార్సిళ్ల కాగితాల పని చూస్తాయి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు కట్టాలో ఆర్డరు రోజే రాయకపోతే పార్సిలు తలుపు దగ్గర తిరిగి వస్తుంది, రెండువైపులా కొరియర్ ఖర్చు కళాకారుడి మీద పడుతుంది.

ప్యాకింగు కూడా ప్రచారమే. కొండపల్లి బొమ్మలో చేతులు, వేణువు, ఏనుగు తొండం విడిగా చెక్కి మక్కుతో అతికినవి, దెబ్బ ముందు అక్కడే తగులుతుంది. బొమ్మను గట్టిగా చుట్టడం కన్నా, చేయి, తొండం దేనికీ తగలకుండా మధ్యలో నిలబడేలా అట్టలో కోసిన గూడు మేలు. బయట అయిదు పొరల పెట్టె, లోపల అన్నివైపులా రెండు వేళ్ల మందం పొట్టు కాగితం. కొత్త పెట్టె వాడేముందు నడుము ఎత్తు నుంచి ఆరు పక్కలా ఒక్కోసారి, ఒక మూల మీద ఒకసారి పడేసి, తెరిచి చూడాలి. వేణువు విరిగితే గూడు లోతు పెంచి మళ్లీ పడేయాలి.

మేళాలకు వెళ్లేముందు ఒక లెక్క. స్టాల్ అద్దె, ప్రయాణం, ఇద్దరి తిండి, బస, అక్కడున్న రోజుల కూలి కలిపి 30,000 అనుకుంటే, బొమ్మకు 155 మిగులు మీద 194 బొమ్మలు అమ్మితేనే ఆ ఖర్చు తీరుతుంది. తపాలా, పెట్టె ఖర్చు అక్కడ ఉండదు కనుక మిగులు 265 అవుతుంది, అప్పుడు 114. పది రోజుల మేళా అయితే రోజుకు 12 బొమ్మలు. అంతకు తక్కువ అమ్మకమున్న మేళాకు వెళ్లాలంటే ఆ స్టాల్ ముందు చందా పుస్తకం తెరిచి ఉంచాలి. మత్స్యావతారం ఒకటి మెట్టు మీద పెట్టి, మిగతా తొమ్మిది మెట్లు ఖాళీగా ఉంచి, పక్కన పెన్ను పెట్టాలి.